తువ్వాలు కింద నెట్టు బేరం

“నేనేదో ఘనకార్యం సేసేనని సెప్పుకోవట్లేదు బావా. ముగ్గురు ఇంటర్నెట్టు కంపెనీ వోళ్ళని ఒక్క పూటే మా అరుగు మీదకి రప్పించేను, ముగ్గురి సరుకూ సూసేను, తక్కువలో తెగినోడికి మన వీధి మొత్తం ఒప్పజెప్పేసేను, అంతే. ఇందులో గొప్పేటున్నాది? నా జాగాలో ఎవుడున్నా అదే సేసీవోడు. సెయ్యలేకపోయీవోడు, అది ఏరే సంగతి.”

బెల్లం మార్కెట్టు గేటుకి ఎదురుగా ఉన్న ఎరుకమ్మ టీ బడ్డీలో, బల్ల మీద కాళ్ళు మడిచి కూర్చుని పరదేశి ఈ మాటలంటున్నాడు. అతను పశువుల దళారీ. ముప్పై ఏళ్ళుగా సంతల్లో ఆవుల్నీ ఎద్దుల్నీ బేరమాడి కొనిపెట్టడం, అమ్మిపెట్టడం అతని పని. పక్కన టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు జగ్గన్న, మార్కెట్లో బెల్లం దిమ్మలు తూకం వేసే మనిషి. ఇద్దరిదీ ఒకటే వీధి.

అదే వీధిలో ఉండే సూర్యకళ మాత్రం కూర్చోలేదు.

“మామా, కతలు తరవాత. కొత్త నెట్టు కుర్రోడు పదింటికల్లా వచ్చేత్తాడన్నావు. తొమ్మిది ముప్పై అయిదయ్యింది. వత్తాడా, రాడా? ఒక్క మాట సెప్పు.”

ఆమె కంగారుకి కారణం రోడ్డుకి అవతల బస్టాపులో నిలబడి ఉంది. కూతురు రాజశ్రీ, భుజానికి లాప్‌టాప్ సంచీ. ఆసుపత్రి బిల్లులు చూసే ఒక కంపెనీలో ఇంటి నుంచే పని. చేరి మూడు నెలలు. రోజూ పదకొండు గంటలకి లాగిన్ అవాలి. వీధికి కేబుల్ టీవీ నడిపే అయ్యప్ప ఇచ్చిన పాత నెట్టు తెగిపోయి ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇంక రానక్కర్లేదని మెయిల్ పెట్టారు. ఫోను నెట్టుతో చేస్తానంటే ఆ కంపెనీ ఒప్పుకోదు. ముందుగా రాసిచ్చిన రెండు అడ్రసుల నుంచే చెయ్యాలి. ఒకటి సొంత ఇల్లు, రెండోది ఎలమంచిలిలో పిన్ని ఇల్లు. సొంత ఇంట్లో నిన్న సాయంత్రం నుంచి నెట్టు లేదు. పరదేశి మాట మీద వీధిలో ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ పాత నెట్టు డబ్బాలు అయ్యప్పకి తిరిగిచ్చేశారు. ఎలమంచిలి బస్సు పదింటికి ఉంది. అది తప్పితే మళ్ళీ పది ముప్పావుకే, అంటే ఉద్యోగం పోయినట్టే.

“వత్తాడా రాడా అని అడుగుతావేటే?” అన్నాడు పరదేశి నొచ్చుకున్నట్టుగా. “మీ ఇంటికాడున్న ఆవుని కొనిపెట్టిందెవుడు?”

“నువ్వే మామా.”

“పాలిత్తందా?”

“ఇత్తంది.”

“తన్నిందా ఎప్పుడన్నా?”

“లేదు మామా.”

“మరేటి! ఆవు బేరవైనా నెట్టు బేరవైనా బేరం బేరవే. నువ్వు నిమ్మళంగా కూకో. ఎరుకమ్మప్పా, దీనికో టీ ఇయ్యి. ఏటి సెప్తన్నాను బావా? ఆఁ, ముగ్గురూ వచ్చేరు. మొదటోడు సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టేడు. నేను ముట్టుకోలేదు. సరుకుని ముందు దూరం నుంచి సూడాల, అది రూలు. సుట్టూ మూడుసార్లు తిరిగేను. నెత్తి మీద మూడు కొమ్ములున్నాయి, అందులో ఒకటి ఒంకర. ‘ఇది పొడుత్తాదా?’ అనడిగేను. ‘అది యాంటెన్నా అంకుల్’ అన్నాడు. నువ్వు దానికి ఏ పేరన్నా ఎట్టుకో, నెత్తి మీద మొలిసిందంటే నాకు కొమ్మే. ఆ తరవాత ఎనక్కి తిప్పి నోరు సూసేను. నాలుగే బెజ్జాలు. నాలుగు పళ్ళ దూడ! ఇరవై రెండు గడపల బరువు అదేటి లాగుతాది? సరేలే, పాపం అనుకుని నుదురు సూద్దునా, నుదుటి మద్దిన ఎర్ర దీపం ఆరతా ఎలగతా ఉంది. సుడి! అచ్చంగా ఇల్లు ముంచీ సుడి! తీసుకుపో నాయనా నీ సరుకు అన్నాను.”

“డబ్బాకి సుడేటి బావా?” అన్నాడు జగ్గన్న.

“నువ్వు బెల్లం తూసుకో. ఇది కళ్ళతో సేసీ పని. మీ తోడల్లుడు అలాంటి డబ్బానే తెచ్చుకున్నాడు, మూడు నెలల్లో వాళ్ళ ఫేను కాలిపోయింది. కాలిందా లేదా?”

“ఫేను కాలింది, నిజవే,” అన్నాడు జగ్గన్న తల గోక్కుంటూ. “నెట్టు వల్లనా?”

“మరి నావల్లనా?”

సూర్యకళ గేటు వైపు చూసింది. బెల్లం బండ్లు తప్ప ఇంకేమీ రావడం లేదు. “తొమ్మిది నలభై అయ్యింది మామా.”

“వత్తన్నాను, అక్కడికే వత్తన్నాను. రెండోడు కొంచెం మాటకారి. ‘మాది వంద స్పీడు అంకుల్’ అన్నాడు. ఏటి వంద? మైళ్ళా, కిలోమీటర్లా? ‘ఎంబీపీఎస్’ అన్నాడు. నాకు అచ్చరాలు సెప్పకు బాబూ, నడక సూపించు అన్నాను. సరుకుని నడిపించకుండా కొన్నోడు ఉన్నాడేటి ఎక్కడన్నా? వాణ్ణి వీధరుగు మీద కూకోబెట్టి, నా ఫోను పెరట్లో దడి మీద ఎట్టించేను. నువ్వు ఇక్కణ్ణుంచి ఒక ఫోటో ఒగ్గు, నేను ఇక్కణ్ణుంచి పరుగెడతాను, ముందెవుడు ఎల్తాడో సూద్దాం అన్నాను. ఒకటీ, రెండూ, మూడు! వాడు నొక్కేడు, నేను లగెత్తేను. నేను పెరట్లోకి ఎల్లేను, ఆవుకి కుడితి పెట్టేను, నూతిలో సేద తోడి మొకం కడుక్కున్నాను, దడి మీదకి పాకిన బీరపాదు సరిసేసేను, అప్పుడొచ్చింది ఫోటో. అదీ సగం. సగం మొకవే వచ్చింది, కింద సగం ఇంకా మా వొంటింట్లోనే ఉంది. నా యాభై ఎనిమిదేళ్ళ కాళ్ళ కంటే ఎనకబడ్డ నెట్టు నాకెందుకూ? పొమ్మన్నాను. ఏడుసుకుంటా పోయేడు.”

“పాపం, ఏడిసేడేటి?” అంది ఎరుకమ్మ పకోడీ తిప్పుతూ.

“ఏడవకేం సేత్తాడప్పా? ఇరవై రెండు గడపల బేరం పోయింది.”

“మామా.” సూర్యకళ గొంతు గట్టిపడింది. “పోయినోళ్ళ సంగతి నాకొద్దు. మూడోడే కదా రావలసినోడు. వాడు మన ఇంటి నంబరు రాసుకున్నాడా?”

పరదేశి నవ్వాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గాలిలో ఒకసారి దులిపాడు. “రాతెందుకే? సెయ్యి పట్టేక రాతెందుకు? సంతలో ఎవుడన్నా కాయితం రాత్తాడేటి? ఇదిగో, ఇలగ తువ్వాలు కప్పుతాం, కింద వోడి సెయ్యి నేను పట్టుకుంటాను, నా సెయ్యి వోడు పట్టుకుంటాడు. నోటితో మాటుండదు. ఒక వేలు నొక్కితే ఒక రేటు, రెండు నొక్కితే ఇంకో రేటు. సుట్టూ వంద మంది నిలబడి సూసినా లోపల ఏటి నడుత్తందో ఎవుడికీ తెలీదు. ఆఖర్న ‘సరేనా?’ అంటాను, ‘సరే’ అంటాడు. అయిపోయింది. ఆ తరవాత వాన రానీ, వరద రానీ, ఆ సరుకు నా గుమ్మంలోకి రావలసిందే. ముప్పై ఏళ్ళలో ఒక్క బేరం తప్పలేదు. తప్పిందా బావా?”

“తప్పలేదు,” అన్నాడు జగ్గన్న. ఆ మాట మాత్రం అతను నవ్వకుండా అన్నాడు. సంతలో పరదేశి చెయ్యి పట్టాడంటే ఆ బేరానికి తిరుగు లేదని అనకాపల్లి చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు.

“ఆ మూడోడి పేరు లోవరాజు. టై కట్టుకుని వచ్చేడు, పాపం ఎండలో. డబ్బా సూసేను, పళ్ళు ఎనిమిది, నుదురు శుబ్రం, పచ్చ దీపాలు మూడు వరసగా. ఈడే నా మనిసి అనుకున్నాను. కూకో బాబూ అని సెయ్యి లాగేను, తువ్వాలు కప్పేను. ఆ తరవాత ఏటైందో తెలుసా? వాడు ఏడొందలు అంటాడనుకుని నేను ముందే రెండు వేళ్ళు నొక్కేను. అదిరిపోయేడు. కళ్ళు తేలేసేడు. ‘అంకుల్’ అన్నాడు. మాటాడకు, వేళ్ళతో సెప్పు అన్నాను. ఎంతకీ సెప్పడు! అంత గట్టి పిండం. ముప్పావుగంట. అటు టైలోంచి సెమట కారతంది, అరుగు మీంచి కాలవలోకి ఎల్తంది. ఈలోగా వాడి జేబులో ఫోను. విశాఖపట్నం మేనేజరు. ‘ఏటైపోయేవు?’ అని. నేనే ఎత్తి, బేరం నడుత్తంది, తరవాత సెయ్యి అన్నాను. ఆయన బయపడిపోయి హైదరాబాదు పెద్దాయనకి సెప్పేడు. పెద్దాయన వీడియో కాల్లోకి వచ్చేడు, కోటూ గీటూ ఏసుకుని. నేనేటి తగ్గుతానా? తువ్వాలు తీసి ఫోను మీద కప్పేను. ఫోన్లోంచే నాలుగు వేళ్ళు నొక్కేను. అక్కడ, హైదరాబాదులో, ఆయన కుర్చీలోంచి లేచి ‘అబ్బా’ అన్నాడు!”

“ఓలమ్మో, ఫోన్లోంచి వేళ్ళు నొక్కీడవేటిరా?” ఎరుకమ్మ చిల్లుగరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“వీడియో కాలప్పా. మామూలు ఫోనైతే నొక్కలేం. నాలుగొందలకి తెగింది బేరం. ‘సరేనా?’ అన్నాను. లోవరాజు ‘సరే అంకుల్, సరే’ అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లన్నాడు.”

జగ్గన్న విరగబడి నవ్వుతున్నాడు. సూర్యకళ నవ్వలేదు. “మామా, నీ ఆధార్ అడిగేడా?”

“ఆధారా?”

“నీ ఫోనుకి ఓటీపీ ఏదన్నా వచ్చిందా? మా సెల్లెలింట్లో నెట్టు పెట్టినప్పుడు ఓటీపీ వచ్చింది. అది సెప్పేకే మనిసి బయల్దేరేడంట.”

పరదేశి తువ్వాలు మడత పెట్టడం ఆపాడు. చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, ఫోను తీయబోయి, తీయకుండా వదిలేశాడు. రోడ్డు రెండు వైపులా చూశాడు. నిచ్చెన కట్టిన బండి ఏదీ కనపడలేదు. మరుక్షణం మామూలు కంటే రెండింతల గొంతుతో ఎత్తుకున్నాడు.

“ఓటీపీ! ఓటీపీ సిల్లర బేరాలకే సూర్యకళా! ఒక గడప, రెండు గడపలు, అలాంటోళ్ళకి. మనది ఇరవై రెండు గడపలు. పెద్ద బేరానికి సరుకు మూలం సూపిత్తారు. ఆ మర్నాడు పొద్దున్నే లోవరాజు నన్ను పూడిమడక తీసుకెళ్ళేడు. ఎందుకో తెలుసా? నెట్టు సముద్రంలోంచి వత్తాది. అడుగునుంచి తీగ, దేశాలు దాటి. అక్కడ నాకు ఎరికైన మత్స్యకారోళ్ళున్నారు, సన్యాసిరాజని, తెప్ప ఉంది. ఆ తీగ ఇలగ ఒడ్డుకి లాగాల సన్యాసిరాజూ అన్నాను. వల ఏసేడు. ఒక లాగు లాగితే పండుగొప్ప సేపలు పడ్డాయి. రెండో లాగుకి తీగ కొస! నా తొడంత ఉంది. లోవరాజు దండం ఎట్టీసేడు. నేను మా ఎద్దుల్ని తోలుకెళ్ళేనుగా, తీగ కొస కాడికి కట్టేను, హేయ్ అన్నాను. పూడిమడక నుంచి అచ్యుతాపురం దాకా ఒక్క లాగుడు. అక్కడ కంపెనీ బస్సులు నలభయ్యో యాభయ్యో వరసగా ఆగిపోయేయి. షిఫ్టుకెల్లీవోళ్ళందరూ దిగి తీగకి సెయ్యేసేరు. వాళ్ళ సేతుల్లో ఫోన్లున్నాయి కదా, తీగ తగలగానే వాటికవే సార్జింగు నిండిపోయేయి. ఒకడి ఫోనుకి నూట నలభై పర్సెంటు ఎక్కింది!”

“నూట నలభై ఎలగెక్కుతాది బావా?”

“నేనూ అదే అడిగేను. నా కళ్ళతో సూసేను.”

“తొమ్మిది యాభై మూడు,” అంది సూర్యకళ. చీర కొంగు బొడ్డులో దోపింది. “ఆ కుర్రోడి నంబరియ్యి. నేనే అడుగుతాను.”

“పని మీదున్న మనిసిని కదపకూడదే.”

“ఇయ్యి మామా.”

“నా దగ్గర లేదు. సెయ్యి పట్టేక నంబరెందుకు?”

ఎరుకమ్మ పకోడీ పొట్లాలకి వాడే కాగితాల దొంతర కిందికి చెయ్యి పెట్టి ఒక రంగు కాగితం లాగింది. నాలుగు రోజుల కిందట లోవరాజు పంచి వెళ్ళిన కాగితాలే. కింద అతని పేరు, నంబరు ఉన్నాయి. సూర్యకళ లాక్కున్నట్టు తీసుకుని ఫోను చేసింది. మోగుతోంది. ఒకసారి పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది.

“ఎత్తడే,” అన్నాడు పరదేశి. “స్తంభమెక్కి తీగ కడతా ఉంటాడు. రెండు సేతులూ ఖాళీ లేనోడు ఫోను ఏటి ఎత్తుతాడు? ఇదే రుజువు కాదేటి?”

అప్పుడే ఎలమంచిలి బస్సు వచ్చి బస్టాపులో ఆగింది. “ఎలమంచిలి, ఎలమంచిలి, బేగి బేగి,” అని కండక్టరు బస్సు తలుపు మీద కొడుతున్నాడు. అవతల నుంచి రాజశ్రీ తల్లి వైపు చూసి చేత్తో అడిగింది, ఎక్కమంటావా, వద్దా అని.

సూర్యకళ చెవి దగ్గర ఫోను తీయకుండానే పరదేశి ముందుకి వచ్చి నిలబడింది. “మామా, నా మొకం సూసి సెప్పు. ఇది మా గుంట బతుకు, ఆడపిల్ల బతుకు. వాళ్ళ నాన్న పోయేక మా ఇంట్లో ఇదే మొదటి జీతం. అక్కడికి ఎల్తే సెల్లెలింట్లో కూకుని పని సేసుకుంటాది. ఇక్కడుంటే నీ కుర్రోడు రావాల. ఏది సెప్తావో సెప్పు.”

పరదేశి ఈసారి గొంతు పెంచలేదు. ఎద్దులు, సముద్రం ఏవీ రాలేదు. “సెయ్యి పట్టేను సూర్యకళా,” అన్నాడు నెమ్మదిగా. “నా సేతిలో సెయ్యెట్టి సరేనన్నాడు. అంతకంటే నాకు ఇంకేటీ తెలీదు. వత్తాడు. నాది పూచీ.”

ఆ నెమ్మది గొంతే ఆమెని నమ్మించింది. రోడ్డు అవతలికి చూసి, వద్దు, ఉండు, అన్నట్టు చెయ్యి ఊపింది. రాజశ్రీ ఎక్కబోయిన మెట్టు మీంచి కాలు దించేసింది. కండక్టరు విసుక్కుని తలుపు వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

పదీ అయిదు దాటింది. జగ్గన్న టీ గ్లాసు కింద పెట్టి, “బావా, నేనూ డబ్బా ఇచ్చేసేను కదా, మా వోడికి సాయంత్రం కాలేజీ పరీక్ష ఏదో ఆన్‌లైనంట,” అన్నాడు. ఈసారి అతని గొంతులోనూ నవ్వు లేదు.

“అందరూ ఇలగ దిగులెట్టుకుంటే ఎలగ!” పరదేశి బల్ల మీద చరిచాడు. నుదుటి మీద చెమట తువ్వాలుతో తుడుచుకుని, ఒక్క ఊపున మొదలుపెట్టాడు. “ఆ తీగ పట్టుకొచ్చేక ఊరుకున్నాననుకున్నారా? పరీక్ష సెయ్యకుండా సరుకు తెచ్చే మనిసినేటి నేను? బుచ్చయ్యపేటలో మా బామ్మర్దికి ఫోన్ సేద్దామని నంబరు నొక్కుతన్నాను. సగం నొక్కేను బావా, సగవే! అటునుంచి ‘సెప్పు బావా’ అన్నాడు. నేను ఏటి సెప్పాలో ఇంకా అనుకోలేదు, వాడు ‘సరే, ఆదివారం వత్తాను’ అన్నాడు. ఆదివారం రమ్మని అడగడానికే సేసేనని నాకప్పుడు గుర్తొచ్చింది! అంత బేగి నెట్టు. నేను అడిగీలోపు వాడు జవాబు సెప్పేసేడు, వాడు జవాబు సెప్పీలోపు నేను దానికి కోపం తెచ్చేసుకున్నాను, ఇద్దరం కలిసి ఎందుకు దెబ్బలాడుకుంటన్నామో తెలీలేదు. ఫోను పెట్టేద్దునా, పెట్టెయ్యలేకపోయేను, ఎందుకంటే అది ముందే పెట్టేసుంది. అంతేనేటి? మా కోడలు సినిమా ఏదో నొక్కింది. సినిమా బొమ్మ మొదలవకుండానే శుభం పడిపోయింది. ‘ఏడిపించేరా, నవ్వించేరా’ అనడిగితే మొకం సూసుకుంది, కళ్ళు తడిగా ఉన్నాయి, ఎప్పుడేడిసిందో దానికే తెలీదు! ఆ ఊపుకి అనకాపల్లి నుంచి బుచ్చయ్యపేట దాకా స్తంభాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయేయి, మర్నాడు నేనే ఎద్దులు కట్టి ఒక్కొక్కటీ నిలబెట్టి…”

సూర్యకళ ఫోను మోగింది.

పరదేశి మాట నోట్లోనే ఆగింది. ఆమె స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

“హలో, ఎవరండీ? మీ నంబర్ నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. బండి మీద ఉన్నాను, చూడలేదండి.”

“నెట్టు కంపెనీ లోవరాజు గారా? మాది అనకాపల్లి బాబూ, బెల్లం మార్కెట్టు ఎనక వీధి. ఇయ్యాల పదింటికి మా వీధికి కనెక్షన్లు ఇవ్వడానికి వత్తామన్నారు కదా. ఎక్కడి దాకా వచ్చేరు?”

“ఏ వీధండీ? ఇవాళ నాకు నర్సీపట్నంలో పని. మీ పేరు మీద బుకింగ్ ఉందా?”

“పరదేశి గారు మాటాడేరు కదా బాబూ. ఇరవై రెండు ఇళ్ళకి.”

అవతల బండి ఆపిన చప్పుడైంది. “పరదేశి గారంటే… ఎర్ర తువ్వాలు అంకులా? ఆయన కనెక్షన్ తీసుకోలేదండి. నేను ప్లాన్ చెప్పబోతే నా చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పేసి వదల్లేదండి. మాట్లాడొద్దన్నారు. వేళ్ళు నొక్కుతూనే ఉన్నారు. పెద్దాయనకి ఏమైనా వాతం జబ్బు ఉందేమో, పట్టుకుంటే తగ్గుతుందేమో అని ఓపిక పట్టానండి. చివర్లో సరేనా అన్నారు. ఎలాగైనా చెయ్యి వదుల్తారు కదా అని సరే అన్నాను. ఫారం లేదు, ఆధార్ లేదు, ఏ రేటూ అనుకోలేదండి. కావాలంటే ఇప్పుడు బుక్ చేస్తాను, రేపు సాయంత్రానికి వస్తాం.”

“తరవాత సెప్తాను బాబూ,” అని సూర్యకళ ఫోను తీసేసుకుంది.

జగ్గన్నకి నవ్వు రాలేదు. ఎరుకమ్మ నూనెలో పకోడీ మాడిపోతున్నా చూసుకోలేదు. పరదేశి తన అరచేతిని తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

“హైదరాబాదు పెద్దాయన ఏడీ మామా?” అంది సూర్యకళ. అరవలేదు. “పూడిమడక తీగేదీ? నీ కతలన్నీ కోతలని నాకు తెలుసు. కోతలకేటి, నేనూ నవ్వుకుంటాను. కానీ సెయ్యి పట్టేనన్నావు సూడు, ఆ ఒక్క ముక్కా నమ్మేను. ఆ ఒక్క ముక్కకే బస్సు ఒగ్గేసేను.”

“ఆ ముక్క అబద్దం కాదే,” అన్నాడు పరదేశి. “నిజంగానే పట్టేను. మా లెక్కలో బేరం అయిపోయినట్టే, నాలుగో రోజు పదింటికి సరుకు గుమ్మంలో ఉండాల. నాకు తెలీదు, ఆళ్ళకి వేళ్ళ బాస తెలీదని నాకు తెలీదు.”

“నీకు తెలీకపోడం తప్పు కాదు మామా. ఓటీపీ వచ్చిందా అని అడిగినప్పుడు నీకు అనుమానం వచ్చింది. నీ మొకంలో సూసేను. అప్పుడు తెలీదని ఒక్క మాట అనుంటే గుంట ఈపాటికి బస్సులో ఉండీది. అది అనలేక సముద్రం ఎల్లిపోయేవు.”

పరదేశి తలెత్తలేదు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టుకున్నాడు.

సూర్యకళ రోడ్డు అవతలికి చూసి కూతుర్ని రమ్మని పిలిచింది. రాజశ్రీ పరుగున వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. టైము పదీ తొమ్మిది. బడ్డీ పక్కన పరదేశి బండి నిలబెట్టి ఉంది.

“లెగు మామా. బండి తియ్యి. గుంటని ఎలమంచిలి దింపాల.”

పరదేశి చటుక్కున లేచాడు. ఒక్క క్షణంలో మనిషికి ప్రాణం వచ్చింది. “ఎలమంచిలేటే, ఈ బండి మీద నేను ఒకసారి తుని దాకా రైలుకంటే ముందు…”

“మామా.”

అతను ఆగిపోయాడు.

“ఎంతసేపట్లో దింపుతావు? కోత కొయ్యకుండా సెప్పు. సరిపోకపోతే ఇక్కణ్ణుంచే కంపెనీకి ఫోన్ సేసి కాళ్ళు పట్టుకుంటాను. నాకు నిజం కావాల.”

పరదేశి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. బండి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు.

“నలభై నిమిషాలు,” అన్నాడు. “పెట్రోలు లేదు, కొట్టించాల. ఇంకో అయిదు.”

సూర్యకళ కూడా లెక్క చూసుకుంది. పదకొండుకి ఆరు నిమిషాలు తక్కువ. కూతురికి తలూపింది. రాజశ్రీ ఎక్కి కూర్చుంది. బండి మార్కెట్టు మలుపు తిరిగింది.

తరువాతి ముప్పావుగంట సూర్యకళ టీ ముట్టలేదు. జగ్గన్న మార్కెట్లోకి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయాడు. పదకొండు అవడానికి మూడు నిమిషాలుందనగా ఫోను వచ్చింది.

“అమ్మా, లాగిన్ అయిపోయేను. పిన్ని గదిలో కూకున్నాను.”

సూర్యకళ కళ్ళు తుడుచుకుంది. “పరదేశి తాతేడే?”

“బయట అరుగు మీదున్నాడు. మంచినీళ్ళిచ్చేను.”

జగ్గన్న మెడ సాచి ఫోను దగ్గరికి వచ్చాడు. “దారిలో ఏటేటి కోతలు కోసేడో అడగవే.”

“ఏటీ అన్లేదు మావయ్యా,” అంది రాజశ్రీ. “దారంతా రోడ్డే సూసుకున్నాడు. ఇక్కడ దిగేక మాత్రం ‘నీ పని పోయుంటే మీ అమ్మకి నా మొకం సూపించలేకపోదును గుంటా’ అన్నాడు. అంతే.”

“సరే, నువ్వు పని సూసుకో,” అని సూర్యకళ ఫోను పెట్టేసింది.